అరకు మన్యంలో అంగవైకల్యం, సమ్మిళిత విద్య

తూర్పు కనుమల్లోని అరకు, పాడేరు కొండల ఆదివాసులు శారీరక వైకల్యాన్ని ఎలా చూశారు, అలాంటి పిల్లల చదువు ఏ దారిన నడిచింది అన్నది ఈ వ్యాస విషయం. ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. భగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోర్జా, గదబ, కోందు తెగలవారు ఇక్కడ ఎక్కువ.

జబ్బు చేస్తే దేవత కోపమనో, ఎవరో చిల్లంగి (చేతబడి) పెట్టారనో అనుకుని ముందు గురువు అనే మంత్రవైద్యుడి దగ్గరికి వెళ్లడం మన్యంలో పాత అలవాటు. వైకల్యాన్నీ ఆ లెక్కలోనే చూసినవారున్నారు. దీన్ని కొండవాళ్ల మూఢత్వమని నవ్వే మైదానంవాళ్లు పెదవి చీలికను నేటికీ గ్రహణం మొర్రి అనే అంటారు. ప్రభుత్వ కాగితాల్లో ‘వికలాంగులు’ పోయి ‘విభిన్న ప్రతిభావంతులు’ వచ్చారు. ఊళ్లో పిలుపు మాత్రం మారలేదు. కుంటి, గుడ్డి అన్న మాటలు పేరుకు ముందు అతుక్కునే ఉన్నాయి.

నడవలేని మనిషికి కొండ ఇంట్లో పని లేకపోలేదు. అడ్డాకుల విస్తళ్లు కుట్టవచ్చు, చింతపండు గింజ తీయవచ్చు. చిక్కంతా బడి దారితోనే. ఆశ్రమ పాఠశాలలు వచ్చి రోజూ నడిచే బాధ తప్పించాయి గాని, స్నానానికీ మరుగుదొడ్డికీ తోడు కావలసిన పిల్లలకు హాస్టల్లో ఉండటమే కష్టం.

ఈ పిల్లలను మామూలు బడుల్లోనే చదివించే కేంద్ర పథకం 1974లో మొదలైంది. 1995 నాటి వికలాంగుల చట్టం పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్యను హక్కు చేసింది. తీవ్ర వైకల్యం ఉన్నవారు ఇంటి దగ్గరే చదువుకునే వీలు విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణతో వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టం గుర్తించే వైకల్యాలను 7 నుంచి 21కి పెంచి, ఆదివాసుల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ వ్యాధినీ చేర్చింది. మన్యానికి సంబంధించినంతవరకు ఆ చట్టంలో ముఖ్యమైన మార్పు సికిల్ సెల్‌ను చేర్చడమే.

మండలాల్లోని భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు పాఠాలు చెబుతారు, ఫిజియోథెరపీ కూడా ఉంటుంది. ఇంటికి వెళ్లి చెప్పాలంటే అక్కడ మాట్లాడేది కోందుల భాష కువి కావచ్చు, ఆదివాసీ ఒరియా కావచ్చు. తెలుగు ఒక్కటీ చాలదు.

వైకల్య పింఛనుకు సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) కావాలి. అందులో వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. రోడ్డు లేని గూడెం నుంచైతే, నడవలేని పిల్లవాణ్ణి ఆ శాతం తేల్చే శిబిరానికి డోలీలోనో తండ్రి వీపు మీదో కొండ దింపాలి.