బేగంపేట దోమలు, నిజాం క్లోరోఫారం: విశ్వవిద్యాలయ విద్యార్థికి రెండు పాఠాలు

విమర్శనాత్మక ఆలోచన అనగానే మన డిగ్రీ, పీజీ విద్యార్థులకు ఎదుటివారి మాటలో తప్పు పట్టడమే గుర్తొస్తుంది. వక్తృత్వ పోటీల్లో, సెమినార్లలో మనం చప్పట్లు కొట్టేదీ దానికే. ఈ వ్యాసం ప్రతిపాదన వేరు. తాను గట్టిగా నమ్మిన విషయమే తప్పయితే, ఆ తప్పు బయటపడే దారిని తానే ఏర్పాటు చేసుకున్నవాడు విమర్శనాత్మకంగా ఆలోచించినట్టు. జంటనగరాల్లో పదేళ్ళ వ్యవధిలో జరిగిన రెండు పరిశోధనలు ఇందుకు ఆధారం.

మలేరియా పరాన్నజీవిని లావెరాన్ 1880లోనే కనుగొన్నాడు. సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ చాలాకాలం దాన్ని నమ్మలేదు. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ సూక్ష్మదర్శినిలో చూపించాక నమ్మాడు. మరుసటి ఏడు సికింద్రాబాదుకు వస్తూ మాన్సన్ ఊహను కూడా వెంట తెచ్చుకున్నాడు: రోగి రక్తం తాగిన దోమ నీళ్ళలో చస్తుంది, ఆ నీళ్ళు తాగినవారికి జబ్బు సోకుతుంది. రాస్ అటువంటి నీళ్ళను కొందరి చేత తాగించాడు. లచ్‌మన్ అనే యువకుడికి కొద్ది రోజుల్లో జ్వరం వచ్చింది కూడా.

అక్కడితో ఆగిపోతే గురువు మాట నిజమైపోయేది. కానీ తర్వాత మరికొందరి మీద చేసిన ప్రయోగాలు ఆ ఊహను నిలబెట్టలేదు. తెలుగునాట పుట్టినవాడని ప్రసిద్ధి చెందిన అన్నంభట్టు, విద్యార్థుల కోసమే రాసిన తర్కసంగ్రహంలో ఇలాంటి చిక్కునే ‘ఉపాధి’ కింద చర్చించాడు. నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంటుందని చెప్పలేం. తడి కట్టె తోడవ్వాలి. ఆ తోడే ఇక్కడ ఉపాధి. లచ్‌మన్ జ్వరానికి ఆ నీళ్ళే కారణమా, లేక జ్వరాలు మామూలైన ఊళ్ళో ఉండటమే కారణమా? తడి కట్టె ఏదో వెతకడం నేర్చుకున్న విద్యార్థి ఒక్క ఉదాహరణ చూసి సిద్ధాంతం కట్టడు. మన తర్కశాస్త్రాన్ని సంస్కృత విభాగానికే వదిలేయడం, విజ్ఞానశాస్త్ర విద్యార్థికి అందులో ఒక్క పుట కూడా చూపకపోవడం మనం చేస్తున్న పెద్ద నష్టమని నా అభిప్రాయం.

1897 ఆగస్టు దాకా రాస్ కోసి చూసిన దోమల్లో ఎక్కువ భాగం బూడిదరంగువి, చారలవి. వాటిలో ఏమీ దొరకలేదు. ఆ నెలలో రెక్కల మీద మచ్చలున్న దోమలు, ఇప్పుడు మనం అనాఫిలిస్ అంటున్నవి, ఆయన చేతికొచ్చాయి. వాటిని లార్వాల నుంచి పెంచారు. అంటే అవి అంతకుముందు ఎవరి రక్తమూ తాగినవి కావు. వాటిలో ఏం కనిపించినా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఆగస్టు 16న వాటిచేత హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టించారు. 20న ఒక దోమ పొట్ట గోడలో నల్లని రేణువులున్న కణాలు కనిపించాయి. మలేరియా రక్తంలోని పరాన్నజీవిలో కనబడే రేణువులూ అలాంటివే. 21న మరో దోమను కోశాడు. కణాలు ముందురోజుకన్నా పెద్దవిగా ఉన్నాయి. పెరుగుతున్నాయంటే అవి జీవమున్నవే.

ఇక్కడ గమనించవలసింది అదృష్టాన్ని కాదు. రెండేళ్ళపాటు ఏమీ దొరకని దోమలను కోసి చూడటం వల్లే దోమ పొట్ట మామూలుగా ఎలా ఉంటుందో రాస్‌కు క్షుణ్ణంగా తెలిసింది, తేడాను గుర్తుపట్టగలిగాడు. డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన వ్యాసానికి పెట్టిన శీర్షికలో కూడా రెండు దోమల్లో కనబడిన కణాల గురించే చెప్పాడు తప్ప మలేరియా రహస్యం ఛేదించానని చాటుకోలేదు. మిగిలిన దారిని 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి పూర్తిచేశాడు.

ఈ కథను ఇలాగే అప్పగించేస్తే అదీ విమర్శనాత్మక పఠనం కాదు. దోమ కాటుకు ఒక అణా చొప్పున పుచ్చుకున్న హుసేన్ ఖాన్‌కు తన మీద ఏం జరుగుతోందో ఎంతవరకు చెప్పారు? వలస ప్రభుత్వపు వైద్యాధికారికి ఒక పేద రోగి కాదని చెప్పగలడా? 1902లో నోబెల్ అందుకున్న పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంది, ఒళ్ళు అప్పగించిన పేరు లేదు. ఈ ప్రశ్నలు కూడా తరగతిలో వినబడాలి.

రెండో ఉదంతం హైదరాబాదుది. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, ఎడింబరో గురువు జేమ్స్ సైమ్ బోధనను అనుసరించి, క్లోరోఫారం మత్తులో ఊపిరి మీదే కన్నువేస్తే చాలని, అది గుండెను నేరుగా ఆపదని నమ్మాడు. నిజాం ధనసహాయంతో 1888లోనూ, లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ను రప్పించి 1889లోనూ కమిషన్లు నడిపాడు. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరేనని తేల్చారు. ఊపిరిని కనిపెట్టి ఉండాలన్న సలహా మంచిదే. కానీ 1911లో గుడ్‌మన్ లెవీ, తేలికపాటి మత్తులో ఉన్న పిల్లుల్లో గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగిపోతుందని చూపాడు. హైదరాబాదులో డబ్బుకు లోటు లేదు, లెక్కలకూ లోటు లేదు. లోపించింది తమ నమ్మకం ఓడిపోగల పరిస్థితిని పనిగట్టుకుని వెతకడం.

మన ప్రయోగశాలల సంగతికి వస్తే, విద్యార్థి రావలసిన విలువను ముందే తెలుసుకుని, సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని రీడింగులు రాస్తాడు. విలువ తేడా వస్తే మార్కులు పోతాయి కాబట్టి దిద్దుతాడు. ఇంటర్మీడియట్‌లో బిట్లు బట్టీపట్టి వచ్చిన పిల్లవాడికి ఇందులో కొత్తేమీ కనబడదు. తప్పు అతనిది కాదు, మార్కుల పద్ధతిది.

రాస్ పనిచేసిన బేగంపేట భవనం నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోనే ఉంది. పాఠ్యప్రణాళిక రూపొందించే ఆచార్యులకు నా విన్నపం ఇది: ప్రాక్టికల్ రికార్డులో ఫలితం కింద ఒక గడి చేర్చండి. ‘ఈ ఫలితం తప్పయి ఉంటే అది ఎలా తెలుస్తుంది?’ అన్న ప్రశ్నకు విద్యార్థి అందులో జవాబు రాయాలి. సరైన విలువకు ఎన్ని మార్కులిస్తారో ఆ జవాబుకూ అన్ని మార్కులివ్వండి.