బిందె ఎత్తిన చెయ్యి

మాది ముండ్లమూరు. పడమటి ప్రకాశంలో నీటి కరువు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. "మన ఊళ్లో గొడవల్లేవమ్మా, అందరం కలిసే ఉంటాం" అనేది మా నాయనమ్మ. ఆమే, కూలికొచ్చిన మాదిగ ఆడవాళ్ల చేతికి చెంబు తగలకుండా ఎత్తి దోసిట్లో నీళ్లు పోసేది. పక్కనే నిలబడ్డ నాకు అందులో తప్పు కనిపించలేదు.

కారంచేడు గురించి చదివాకే ఆ చెంబు గుర్తొచ్చింది. 1985 జూలై 16న, మాదిగలు తాగే చెరువును కమ్మవాళ్లు మురికి చేస్తుంటే ఒక దళిత కుర్రవాడు అడ్డు చెప్పాడు. అతని మీద చేయి చేసుకున్నారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదిరించింది. మర్నాడు మాదిగపల్లె మీద దాడి. ఆరుగురిని చంపారు, ఆడపిల్లల్ని చెరిచారు. బతికినవాళ్లు చీరాల చేరారు. అక్కడే దళిత మహాసభ పుట్టింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వెనుక ఈ పోరాటమూ ఉంది. సుప్రీంకోర్టు తీర్పు మాత్రం 2008లో గానీ రాలేదు.

చరిత్రలో నాయకుల పేర్లు, చట్టాల సంవత్సరాలు ముందుకొస్తాయి. నీళ్లు మోసే ఆడమనిషికి హక్కంటే ఆ పూట బిందెలో పడే నీళ్లు, వాటికోసం నిలబడినప్పుడు దక్కే మర్యాద. అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం 1950లోనే వచ్చింది. మా ఇంటి చెంబు దాకా రాలేదు. నాయనమ్మ చెప్పిన శాంతి, దోసిలి పట్టినవాళ్ల మౌనం. సువార్త బద్దలుకొట్టింది ఆ మౌనాన్నే. ఆమె చేతిలో బిందె ఉంది. నా చేతికందే దూరంలో చెంబు ఉంది. నేను అందుకోలేదు.