ఫ్యూజ్: ఎస్‌తోనా, జెడ్‌తోనా?

ఇంగ్లీషులో ఎస్‌తో, జెడ్‌తో రాసే రెండు ఫ్యూజ్‌లూ పలకడానికి ఒకటే. మూలం ఇటాలియన్ ‘ఫూసో’, అంటే కదురు. తొలినాటి మందుగొట్టాలు ఆ ఆకారంలో ఉండేవి.

పేలుడు పరిభాషలో ఎస్‌ది వత్తి. విలియం బిక్‌ఫర్డ్ 1831లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో చేసిన సేఫ్టీ ఫ్యూజ్ ఇదే: నడుమ తుపాకిమందు, చుట్టూ జనపనార, పైన తారు పూత. అడుగు వత్తి కాలడానికి సుమారు అర నిమిషం. గని కార్మికుడు దూరంగా వెళ్లడానికి ఆ కాస్త వ్యవధే ప్రాణాధారం. అంతకుముందు మందు కూరిన గడ్డిగొట్టాలు ఎప్పుడు అంటుకునేవో తెలియక ఎందరో బలయ్యారు.

జెడ్‌ది ఫిరంగి గుండులో, బాంబులో అమర్చి పేల్చే పరికరం. రెండో ప్రపంచయుద్ధపు ప్రాక్సిమిటీ ఫ్యూజ్‌లో బుల్లి రేడియో ఉండేది; లక్ష్యాన్ని తాకకుండానే, దగ్గరికి రాగానే పేల్చేది. సైనిక పత్రాలు ఈ తేడాను పాటిస్తాయి. తెలుగు లిపిలో అది కనబడదు కనుక మొదటిదాన్ని ‘వత్తి’ అనడమే మేలు.