మంచం దిగమన్న వైద్యం

ఇటలీలోని మోదెనాలో బెర్నార్దినో రామజ్జీని అనే వైద్యుడుండేవాడు. తన ఇంటి మరుగు గుంట ఎత్తిపోయడానికి వచ్చిన మనిషి ఊపిరి సలపనంత తొందరగా పని చేయడం చూసి, ఎందుకంత ఆత్రమని అడిగాడట. ఎక్కువసేపు ఉంటే కళ్లు పోతాయన్నాడు ఆ మనిషి. ఆ జవాబు వెంటబడి వెళ్లిన రామజ్జీని, వృత్తులు తెచ్చే జబ్బుల మీద తొలి సమగ్ర గ్రంథాన్ని 1700లో అచ్చు వేయించాడు. రోగిని అడగాల్సినవంటూ హిప్పోక్రటీసు కాలం నుంచి వస్తున్న ప్రశ్నలకు ఆయన ఇంకొకటి చేర్చాడు: నువ్వు చేసే పని ఏమిటి? రాతగాళ్లు రోజంతా కూర్చునే ఉండటం, చెయ్యి ఒకే తీరున ఆడుతూ ఉండటం, మనసు క్షణం సడలకపోవడం, ఈ మూడే వాళ్ల బాధకు మూలమని కూడా రాశాడు. కంప్యూటరు ముందు మెడ పట్టేసి కూర్చున్న మన పిల్లల్ని చూసి రాసినట్టే ఉంటుంది.

ఆ ప్రశ్నను తర్వాతి తరాలు పోగొట్టుకున్నాయి. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో శస్త్రవైద్యుడు జాన్ హిల్టన్, విశ్రాంతికి నొప్పికి గల సంబంధంపై చేసిన ఉపన్యాసాలు 1863లో పుస్తకంగా వచ్చాయి. లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్, కట్లు కట్టే వంశంలో పుట్టి, ఎముకకు దీర్ఘమైన, నిరంతరమైన విశ్రాంతి కావాలని బోధించాడు. విరిగిన కాలికి, క్షయ పట్టిన కీలుకు అది ప్రాణం నిలిపిన మాటే. చిక్కెక్కడ వచ్చిందంటే, అదే మందును మామూలు నడుం నొప్పికీ రాసిచ్చారు. 1934లో బాస్టన్‌లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు వెన్ను డిస్కు జారి నరాన్ని నొక్కుతుందని చూపించాక ఆ అలవాటు మరింత స్థిరపడింది. నడుం అంటే డిస్కు, డిస్కు అంటే మంచం.

మరో పక్క చట్టాలు వచ్చాయి. బ్రిటన్‌లో 1897లో కార్మిక పరిహార చట్టం, 1911లో జాతీయ బీమా చట్టం, 1948లో జాతీయ ఆరోగ్య సేవ. కూలివాడికి జబ్బు చేస్తే పొయ్యి ఆరిపోకూడదన్న ఆ తలంపు గొప్పది. కానీ దానితోపాటే కుటుంబ వైద్యుడి చేతికి ఒక చీటీ వచ్చింది. పనికి పోకూడదు, లేదా పోవచ్చు. మధ్యలో మాట లేదు. ఆ చీటీలు రాసిన చేతుల్లో గుంటూరు, విశాఖ వైద్య కళాశాలల్లో చదివి సముద్రం దాటినవాళ్లవీ ఉన్నాయి.

1947లో మంచాన్ని గట్టిగా అనుమానించినవాడు బ్రిటిష్ వైద్యుడు రిచర్డ్ ఆషర్. పడుకోబెట్టడంలోని ప్రమాదాల గురించి ఆయన చురకలు వేస్తూ రాసిన వ్యాసం నేటికీ చదువుతారు. అయితే అనుమానం లెక్కగా మారడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. 1986లో అమెరికాలో రిచర్డ్ డేయో బృందం 203 మంది నడుం నొప్పి రోగులను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి రెండు రోజులు, ఇంకో భాగానికి ఏడు రోజులు పడక విశ్రాంతి చెప్పింది. రెండు రోజులవాళ్లు పోగొట్టుకున్న పనిదినాలు 45 శాతం తక్కువ. కోలుకోవడంలో మాత్రం ఏ లోటూ లేదు. 1995లో హెల్సింకీ నగర ఉద్యోగుల మీద మాల్మివారా బృందం ఇంకో అడుగు వేసింది: కొందరికి పడక, కొందరికి వ్యాయామం, మిగతావాళ్లకు ఓర్చుకోగలిగినంత మేర రోజువారీ పనులు. అందరికంటే బాగా కోలుకున్నది ఆ మూడోవాళ్లు. ఈ మలుపుకు సిద్ధాంతం ఇచ్చినవాడు గ్లాస్గో శస్త్రవైద్యుడు గోర్డన్ వాడెల్. నొప్పితో పాటు భయం, ఇల్లు, ఉద్యోగం కూడా మనిషిని మంచాన పడేస్తాయని 1987లో ఆయన రాసిన వ్యాసం చెప్పింది.

(కాళ్లు చచ్చుబడటం, మూత్రం ఆగిపోవడం, జ్వరంతో వచ్చే నొప్పి – ఇవి వేరే కథ. వీటికి ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.)

మాట వైద్యుల నుంచి వీధికి రావడం ఆస్ట్రేలియాలో చూస్తాం. 1997లో విక్టోరియా రాష్ట్రం, నడుం నొప్పికి పడుకోకండి అని టీవీల్లో ప్రచారం చేసింది. జనం నమ్మకాలతో పాటు వైద్యుల తీరూ మారింది, పరిహార దావాలూ తగ్గాయి. బ్రిటన్‌లో 2010 ఏప్రిల్‌లో పాత చీటీ పోయి ‘ఫిట్ నోట్’ వచ్చింది. అందులో నాలుగు గడులున్నాయి: మెల్లమెల్లగా పనికి మళ్లడం, పనివేళలు మార్చడం, పని మార్చడం, పనిచోటు సర్దడం. 2022 నుంచి నర్సులు, ఫిజియోథెరపిస్టులు కూడా ఈ చీటీ రాయవచ్చు. కీల్ విశ్వవిద్యాలయం ఆరు కుటుంబ వైద్యశాలల్లో 338 మందితో చేసి, 2018లో ప్రకటించిన పరీక్షలో, మామూలు వైద్యానికి తోడు పని గురించి మాట్లాడే ఒక సలహాదారును ఇచ్చి చూశారు. నాలుగు నెలల్లో సలహా అందినవాళ్లు సగటున 9.3 రోజులు, అందనివాళ్లు 14.4 రోజులు పనికి దూరమయ్యారు. ఇందులో కొత్త మందు లేదు, ఇంజెక్షను లేదు. రామజ్జీని ప్రశ్నే వెనక్కి వచ్చింది. పని ఆరోగ్యానికి మంచిదన్న మాటను భత్యాలు కోయడానికి వాడుకుంటారన్న ఫిర్యాదూ అక్కడ ఉంది. అందులో నిజం లేకపోలేదు.

మన దేశంలో ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) చట్టం 1948లో వచ్చి, 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీల్లో అమలుకు దిగింది. జబ్బు సెలవులో జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఈ పథకం ఇస్తుంది. ఆ గొడుగు కింద లేని నాట్ల కూలీకి, బీడీలు చుట్టే అమ్మకు, మగ్గం నేసేవారికి ‘రెస్ట్ తీసుకో’ అంటే కూలి మానుకో అనడమే. అలాంటి ఇంటి నుంచే ఒక జవాబు వచ్చింది. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి పోచంపల్లి చీరలకు ఆసు పోసేది, అంటే దారాన్ని మేకుల చుట్టూ తిప్పేది. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. భుజం, మోచెయ్యి పోటెత్తేవి. కొడుకు ఆ పని తీరునే మార్చాలనుకున్నాడు. ఏళ్ల తరబడి తంటాలు పడి, 1999లో ఆసు పోసే యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. యంత్రానికి తల్లి పేరే పెట్టాడు: లక్ష్మీ ఆసు యంత్రం.