పెండలం దుంప, నువ్వుల నూనె

అండం విడుదలయ్యాక అండాశయంలో మిగిలే ఖాళీ సంచి పసుపుపచ్చగా మారుతుంది. ఆ చిన్న గ్రంథి ఊరించే ప్రొజెస్టిరాన్ అనే హార్మోను గర్భసంచి లోపలి పొరను మెత్తని పడకలా సిద్ధం చేస్తుంది. కడుపు పడితే మొదటి 8, 10 వారాలు దాన్ని నిలబెట్టేది కూడా ప్రధానంగా ఈ గ్రంథే. ఆ తరువాత ఆ బాధ్యత మాయ తీసుకుంటుంది.

ఈ సంగతి తేల్చినవారు న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జార్జ్ కార్నర్, విల్లర్డ్ ఆలెన్. 1929లో వారు చూలు కుందేళ్ళ అండాశయాలు తీసేసి, ఆ పసుపు గ్రంథి సారాన్ని ఎక్కించారు. గర్భాలు నిలిచాయి. 1934లో జర్మన్ శాస్త్రవేత్త బ్యూటెనాంట్ దాన్ని శుద్ధి చేశాడు. 50 వేల పందుల అండాశయాలు పిండితే ఆయనకు దక్కింది 20 మిల్లీగ్రాములు! మరి అది సామాన్యురాలికి ఎలా అందుతుంది?

అందించింది ఒక దుంప. పెన్సిల్వేనియా రసాయన శాస్త్రవేత్త రస్సెల్ మార్కర్ 1942లో మెక్సికో వెళ్ళి, మన పెండలానికి చుట్టమైన అడవి దుంపను పట్టుకున్నాడు. అందులోని డయోస్‌జెనిన్‌ను ప్రయోగశాలలో ప్రొజెస్టిరాన్‌గా మార్చి కిలోల లెక్కన తయారుచేశాడు. అంతకుముందు గ్రాము 80 డాలర్లు పలికిన మందు కొన్నేళ్ళలోనే చవకైపోయింది. దుంప తిన్నంత మాత్రాన మన ఒంట్లో ఈ మార్పు జరగదు. కాబట్టి "అడవి దుంప క్రీము" అని అమ్మేవాళ్ళ మాటలు నమ్మకండి.

మోరిస్‌విల్‌లో సంతాన చికిత్స తీసుకున్న రోజుల్లో మా ఆవిడకు ఈ ఇంజెక్షను రోజూ నేనే వేసేవాణ్ణి. సీసా మీద చదివితే మందు కరిగివున్నది నువ్వుల నూనెలో! అదే వారం ఇండియా నుంచి ఫోనులో "నువ్వులు ముట్టనివ్వకు, వేడి" అని హెచ్చరిక. ఇద్దరం నవ్వుకున్నాం.

అన్నిసార్లూ నవ్వుకునే విషయం కాదిది. మొదటి నెలల్లో కడుపు పోతే మనవాళ్ళు వెంటనే మొదలుపెట్టే విచారణ మీకు తెలిసిందే: బొప్పాయి తిన్నదా, మెట్లెక్కిందా, ఉద్యోగం మానలేదా? నిజానికి అలా పోయినవాటిలో సుమారు సగానికి కారణం పిండంలోని క్రోమోజోముల లోపం. దాన్ని ఏ పథ్యమూ, ఏ హార్మోనూ సరిచేయలేవు. 2019లో బ్రిటన్‌లో వెలువడిన పెద్ద పరిశోధన కూడా ప్రొజెస్టిరాన్ అందరికీ పనిచేయదనీ, తొలినాళ్ళలో రక్తం కనబడి, అంతకుముందు కూడా గర్భం పోయిన స్త్రీలకు మేలు చేసే అవకాశం ఉందనీ తేల్చింది.

కుందేళ్ళూ పందులూ దుంపలూ కలిసి దాదాపు వందేళ్ళలో మనకు నేర్పిన పాఠం ఇది. మందు ఇవ్వాలో వద్దో డాక్టరు చెబుతారు. నింద వేయకుండా ఉండటం మాత్రం మన చేతుల్లోనే ఉంది.