హారిస్ సిలాయ్‌జిచ్ వదలని పట్టు

బోస్నియాలో మూడు మతాలవాళ్లు ఎందుకు కొట్టుకున్నారని మనవైపు నుంచి ఎవరు మాట్లాడినా అడుగుతారు. మతాలు పక్కపక్కన బతకలేక యుద్ధం వచ్చిందన్నది ఆ ప్రశ్నలో దాగిన నమ్మకం. సరయెవోలో స్థిరపడినదాన్ని కాబట్టి ఆ మాట నాకు గుచ్చుకుంటుంది. ఆ నమ్మకాన్నే ప్రపంచ రాజధానుల్లో తిరిగి తిరిగి ఖండించిన మనిషి హారిస్ సిలాయ్‌జిచ్. ఈ దేశం ఎలా పుట్టిందో, పుట్టి కూడా ఎందుకు సరిగా నడవలేకపోతోందో ఆయన రాజకీయ జీవితంలోనే కనబడుతుంది.

ఆయన 1945లో పుట్టారు. సరయెవో మదర్సాలోనూ, లిబియాలోని బెంఘాజీలోనూ చదివి, ప్రిష్టినాలో అరబ్బీ బోధించారు. 1990 ఎన్నికల తర్వాత బోస్నియా అధ్యక్షుడైన అలియా ఇజెత్‌బెగోవిచ్ ఆయన్ను విదేశాంగ మంత్రిని చేశారు. అప్పటికి బోస్నియా ఇంకా యుగోస్లావియాలో ఒక రిపబ్లిక్కే. అంటే సొంత రాయబారులు గానీ రాయబార కార్యాలయాలు గానీ లేని విదేశాంగ శాఖ ఆయనది.

1992 ఫిబ్రవరి 29న, మార్చి 1న స్వాతంత్ర్యంపై జనాభిప్రాయ సేకరణ జరిగింది. సెర్బులలో అత్యధికులు దాన్ని బహిష్కరించారు. ఓటేసినవాళ్లు దాదాపు అందరూ స్వాతంత్ర్యమే కోరారు. ఏప్రిల్ 6న ఐరోపా కూటమి గుర్తింపు వచ్చింది. అదే రోజుల్లో సరయెవో చుట్టూ కొండల మీద సెర్బు బలగాల ఫిరంగులు మోహరించాయి. ఆ సమయంలో ఐక్యరాజ్యసమితి దళం ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉండేది. దాని అధిపతి మన దేశపు లెఫ్టినెంట్ జనరల్ సతీష్ నంబియార్. అయితే ఆ దళానికి అప్పగించిన పని పొరుగున ఉన్న క్రొయేషియాలో. కళ్లముందు కాలుతున్న నగరాన్ని కాపాడే అధికారం దానికి లేదు.

మే 22న బోస్నియా ఐక్యరాజ్యసమితి సభ్యదేశమైంది. కానీ 1991 సెప్టెంబరులో యుగోస్లావియా మొత్తానికి విధించిన ఆయుధ నిషేధం ఈ కొత్త దేశాన్నీ వదల్లేదు. పాత యుగోస్లావియా సైన్యం ఆయుధాలు సెర్బు బలగాల చేతికి వెళ్లాయి. బోస్నియా ప్రభుత్వానికి మాత్రం ఆయుధాలు కొనుక్కునే దారి మూసుకుపోయింది. సిలాయ్‌జిచ్ వాదన చాలా సూటిగా ఉండేది: మమ్మల్ని కాపాడండి, లేదంటే మమ్మల్ని మేమే కాపాడుకోనివ్వండి. 1993లో ప్రధాని అయ్యాక కూడా ఇదే అడిగారు. 1995లో అమెరికా కాంగ్రెస్ నిషేధం ఎత్తేయాలని నిర్ణయిస్తే అధ్యక్షుడు క్లింటన్ వీటో చేశారు. అప్పటికే, ఆ జులైలో, ఐక్యరాజ్యసమితి రక్షిత ప్రాంతమని ప్రకటించిన స్రెబ్రెనిత్సాలో ఎనిమిది వేలకు పైగా బోస్నియాక్ (బోస్నియా ముస్లిం) మగవాళ్లను, మగపిల్లలను సెర్బు బలగాలు చంపేశాయి. ఆయన అడిగింది అన్యాయమని ఇవాళ ఎవరైనా అనగలరా?

1995 నవంబరులో ఒహాయోలోని డేటన్ సైనిక స్థావరంలో చర్చలు మొదలయ్యాయి. దేశాన్ని రెండు భాగాలు చేసి, భూభాగంలో బోస్నియాక్‌లు, క్రొయాట్ల ఫెడరేషన్‌కు 51 శాతం, సెర్బు రిపబ్లిక్‌కు 49 శాతం అన్నది ముందే ఒప్పుకున్న లెక్క. చివరి రోజుల్లో ఒక రాత్రంతా సిలాయ్‌జిచ్, సెర్బియా అధ్యక్షుడు మిలోషెవిచ్ పటాల మీద వంగి కూర్చుని ఆ లెక్క తేల్చారు. తెల్లవారుజామున నాలుగింటికి కరచాలనాలు జరిగాయి. సిలాయ్‌జిచ్ వదులుకున్న నేలలో చాలా భాగం క్రొయాట్లు గెలుచుకున్నదని చూసి క్రొయేషియా విదేశాంగ మంత్రి మాతె గ్రానిచ్ భగ్గుమన్నారు. ఇజెత్‌బెగోవిచ్ కూడా ఒప్పుకోలేదు. ఆ శాంతి బతికింది 37 నిమిషాలు. మళ్లీ బేరసారాలు సాగి, నవంబరు 21న ఒప్పందం కుదిరింది. డిసెంబరు 14న పారిస్‌లో సంతకాలయ్యాయి.

ఆ ఒప్పందంలోని నాలుగో అనుబంధమే ఈ దేశ రాజ్యాంగం. అధ్యక్ష స్థానంలో ముగ్గురు ఉంటారు. ఫెడరేషన్ నుంచి ఒక బోస్నియాక్, ఒక క్రొయాట్. సెర్బు రిపబ్లిక్ నుంచి ఒక సెర్బు. మా వీధిలో పుట్టి పెరిగిన సెర్బు ఆ పదవికి నిలబడలేడు. సెర్బు రిపబ్లిక్‌లోని బాన్యా లూకాలో ఉండే బోస్నియాక్‌కూ అంతే. చంపుకోవడం ఆగింది, నిజం. దానికి ఈ ఊరి తల్లులు ఎంత ఊపిరి పీల్చుకున్నారో నేను విన్నాను. కానీ మనుషుల్ని జాతుల వారీగా విడగొట్టడానికి జరిగిన యుద్ధం, ఆ విభజనను చట్టంగా మార్చుకుని ముగిసింది.

సిలాయ్‌జిచ్ దీంతో రాజీపడలేదు. 1996 జనవరిలో ప్రధాని పదవి వదిలి సొంత పార్టీ పెట్టారు. ఆ వేసవిలో కాజిన్ పట్టణంలో ప్రచారం చేస్తుండగా ఇనుప కడ్డీతో ఆయన తల మీద కొట్టారు. కొట్టింది సెర్బులు కాదు, ఆయన విడిచి వచ్చిన ఇజెత్‌బెగోవిచ్ పార్టీ మద్దతుదారులు.

2006 ఏప్రిల్‌లో రాజ్యాంగాన్ని కొంత సవరించే ప్రతిపాదన పార్లమెంటుకొచ్చింది. 42 మందిలో 28 మంది కావాలి, 26 మందే అనుకూలంగా ఓటేశారు. ఓడించినవాళ్లలో సిలాయ్‌జిచ్ పార్టీ ముఖ్యమైనది. ఈ సవరణ పార్లమెంటులో సెర్బు రిపబ్లిక్‌కున్న వీటోను తాకలేదని, పైగా ఆ విభజనకు మరో ముద్ర వేస్తుందని ఆయన అభ్యంతరం. ఆ అక్టోబరులో బోస్నియాక్ ఓట్లలో అరవై శాతానికి పైగా తెచ్చుకుని అధ్యక్ష మండలిలో కూర్చున్నారు. ఆవల సెర్బు రిపబ్లిక్ ప్రధాని మిలొరాద్ దోదిక్ విడిపోయే మాటలతో బలపడ్డారు. ఒకరి గొంతు పెరిగినకొద్దీ రెండోవారికి ఓట్లు పెరిగాయి.

మనుషుల్ని జాతుల వారీగా విడగొట్టకూడదన్న సిలాయ్‌జిచ్ సూత్రం న్యాయమైనదే. 2009 డిసెంబరులో స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల న్యాయస్థానం, రోమా జాతికి చెందిన దెర్వో సెయ్‌దిచ్, యూదుడైన యాకొబ్ ఫిన్సి వేసిన కేసులో ఈ రాజ్యాంగం వివక్ష చూపుతోందని తేల్చింది. ఫిన్సి అప్పటికి స్విట్జర్లాండ్‌లో బోస్నియా రాయబారి. దేశం తరఫున మాట్లాడటానికి పనికొచ్చిన మనిషి ఆ దేశపు అత్యున్నత పదవికి పోటీ చేయడానికి అనర్హుడు.

అయినా 2006 ఏప్రిల్ ఓటు విషయంలో సిలాయ్‌జిచ్ తప్పు చేశారనే నేను అంటాను. యుద్ధంలో పట్టు విడవకపోవడం దేశాన్ని నిలబెట్టింది. శాంతిలో అదే పట్టు, చేతికందిన చిన్న మార్పును జారవిడిచింది. 2010లో బోస్నియాక్ ఓటర్లు ఆయన్ను మూడో స్థానానికి నెట్టి, అలియా కుమారుడు బాకిర్ ఇజెత్‌బెగోవిచ్‌ను గెలిపించారు. స్ట్రాస్‌బర్గ్ తీర్పు ఇంకా అమలు కాలేదు. 2006లో దొరికినంత దగ్గరి అవకాశం ఆ తర్వాత మళ్లీ రాలేదు.