బూమ్ విరిగిన చోట పుట్టిన నాజిల్

ట్రాక్టరు వెనుక అడ్డంగా చాచిన పొడవాటి గొట్టాన్ని బూమ్ అంటారు. దానికి మూరెడు ఎడంలో వరుసగా నాజిళ్లు బిగించి కలుపు మందు పిచికారీ చేసే పద్ధతి చదునైన పొలాల కోసం రూపుదిద్దుకొన్నది. చెట్లు, కంచె రాళ్లు, వాగు గట్లు, పుట్టలు ఉన్న గడ్డిబీళ్లలో ఆ గొట్టం దేనికో ఒకదానికి తగిలి వంగుతుంది, లేదా విరుగుతుంది. అటువంటి నేలలో ఒకే చోటి నుంచి పక్కలకు దూరంగా మందును విసిరే పరికరంగా బూమ్ లేని నాజిల్ వాడుకలోకి వచ్చింది. దీనిని బూమ్‌కు మెరుగైన వారసునిగా అమ్మకందారులు వర్ణిస్తారు గాని, చరిత్రను పరిశీలిస్తే ఇది మెరుగుదల కన్నా బేరమనడమే సబబుగా తోస్తుంది. వెడల్పు కోసం సమానత్వాన్ని వదులుకొన్న ఈ బేరం కుదరడానికి నాజిల్ తయారీదారుల నేర్పు ఎంత కారణమో, మందుల స్వభావం మారడం కూడా అంతే కారణం.

నాజిల్ చరిత్ర కలుపుతో కాక పురుగుతోను, తెగులుతోను మొదలవుతుంది. పత్తి ఆకులను తినే గొంగళి పురుగు అమెరికా దక్షిణ రాష్ట్రాలను పీడిస్తున్న 1880 దశకపు తొలినాళ్లలో, కీటక శాస్త్రజ్ఞుడు చార్లెస్ రైలీ, ఆయన సహచరుడు విలియం బర్నార్డ్ కలిసి, నీటిని ఒక చిన్న గుండ్రని గదిలోకి పక్కవాటుగా పంపి, అది సుడి తిరిగి పైరంధ్రం గుండా సన్నని తుంపరగా వెలువడే ఏర్పాటు చేశారు. ఈ సుడి నాజిల్ ఫ్రాన్సు చేరి, అక్కడి తయారీదారు విక్టర్ వెర్మొరెల్ చేతిలో సవరణలు పొంది, వీపున మోసే పిచికారీ యంత్రానికి మొనగా అమరింది. ద్రాక్ష బూజు తెగులుకు మైలదుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం పనిచేస్తుందని ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు మిల్లార్డె 1885లో ప్రకటించడంతో దానికి గిరాకీ పెరిగింది. తెలుగు రైతులు పురుగు మందులకు నేటికీ వాడే హాలో కోన్ నాజిల్, అనగా నడుమ బోలుగా ఉండి అంచున వలయంలా తుంపర పడేది, ఆ సుడి గదికి వారసురాలే.

మైలదుత్తం ద్రావణం పడిన చోట ఆవజాతి కలుపు మాడిపోతున్నదని 1890 దశకం చివర ఫ్రాన్సులోను, అమెరికాలో నార్త్ డకోటాకు చెందిన హెన్రీ బోలీ ప్రయోగాలలోను తేలింది. అయితే ఆ మందు తాకిన చోటనే ఆకును మాడుస్తుంది కనుక మొక్కంతా తడవాలి, అందుకు నీరు బండ్లకొద్దీ కావాలి, తుంపర ఎక్కడా తప్పిపోకూడదు. ఈ నిబంధన ఉన్నంత కాలం దూరానికి విసిరే నాజిల్‌కు కలుపు పనిలో చోటు లేదు.

ఆ నిబంధనను సడలించినది 2,4-డి. దీని తయారీ విధానం 1941లో వెలువడగా, పొలంలోని కలుపును ఇది చంపగలదని అమెరికా పరిశోధకులు హామ్నర్, టుకీ 1944లో చూపించారు, యుద్ధం ముగిసిన వెంటనే ఇది అంగడికి వచ్చింది. మొక్కలోని పెరుగుదల హార్మోనును పోలిన ఈ మందు కొన్ని ఆకుల మీద పడినా లోపలికి ఇంకి, వేరు దాకా ప్రయాణించి, వెడల్పాకు మొక్కను వంకరలు తిప్పి చంపుతుంది, గడ్డిజాతిని మాత్రం చాలావరకు వదిలేస్తుంది. స్వల్ప మోతాదు సరిపోవడంతో నీటి పరిమాణం బాగా తగ్గింది. ఆ కొద్ది నీటిని సమంగా పరచడానికి ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ ప్రాచుర్యం పొందింది. సన్నని చీలిక నుంచి విసనకర్రలా విచ్చుకొనే దీని జల్లు అంచుల వైపు పలచబడుతుంది కనుక, పక్కపక్క జల్లులు ఒకదానిపై ఒకటి పడినప్పుడు మొత్తం సమమవుతుంది. అయితే అసలు మలుపు మరొకటి. బిందువు పెద్దదైనా, అక్కడక్కడా పలచగా పడినా మొక్క చావడం సాధ్యమైంది గనుకనే, బూమ్ లేకుండా చల్లవచ్చునన్న ఆలోచన గడ్డిబీళ్ల యజమానులకు అక్కరకొచ్చింది. పచ్చిక దెబ్బతినకుండా అందులోని వెడల్పాకు కలుపే చావడం వారికి మరొక లాభం.

టెక్సస్ బీళ్లలో ఆ అవసరం తీవ్రం. అక్కడి మెస్కీట్ చెట్టును నరికినా, తగలబెట్టినా, నేలలో దాగిన మొదలు మొగ్గల నుంచి గుబురుగా మళ్లీ చిగురిస్తుంది. పొదలకు వాడిన 2,4,5-టి మందు డయాక్సిన్ కాలుష్యం కారణంగా 1979లో అడవులు, పచ్చిక బయళ్ల వంటి కొన్ని చోట్ల నిలిపివేతకు గురై, 1985లో పూర్తిగా రద్దయింది. దాని స్థానాన్ని ట్రైక్లోపిర్, క్లోపిరాలిడ్ వంటివి తీసుకొన్నాయి. అయినా నిలువెత్తు పొదను పక్క నుంచి విసిరిన జల్లు ఒక వైపే తడుపుతుంది, వెనుక వైపు పొడిగా మిగులుతుంది. టెక్సస్ వ్యవసాయ విస్తరణ విభాగం 1995లో ప్రారంభించిన బ్రష్ బస్టర్స్ కార్యక్రమం విస్తారంగా చల్లడానికి బదులు ఒక్కొక్క చెట్టును చేతి నాజిల్‌తో తడపమని బోధించింది. బూమ్ లేని నాజిల్ మోకాలెత్తు కలుపుకు, లేత పొదకు తగినదే తప్ప ముదిరిన చెట్టుకు కాదనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఆకృతులలో మూడు రకాలు ముఖ్యమైనవి. ద్రవం ఒక వంపు పలకకు కొట్టుకొని పళ్లెంలా విచ్చుకొనే ఫ్లడ్ నాజిల్ సులభమైనది, తక్కువ పీడనానికే పనిచేస్తుంది. ఆఫ్ సెంటర్ నాజిల్ ఒక పక్కకే, దాదాపు అడ్డంగా, అంచుకు ఎక్కువ ద్రవం చేరేలా విసురుతుంది. వివిధ కోణాల మొనలను ఒకే చోట గుత్తిగా బిగించినది మూడవది, అందులో దూరాన్ని పక్క మొనలు, దగ్గరి నేలను నడిమి మొనలు పంచుకొంటాయి. మూడింటికీ ఒకే ఇబ్బంది: ఒక మీటరు ఎత్తు నుంచి నాలుగైదు మీటర్లు పోవాలంటే బిందువు పెద్దదిగా ఉండాలి, లేకపోతే గాలి నిరోధానికి దారిలోనే ఆగిపోతుంది. నూరు మైక్రాన్ల బిందువు సెకనుకు సుమారు పాతిక సెంటీమీటర్ల వేగంతో దిగుతుంది. మీటరు దిగేందుకు నాలుగు సెకన్లు పడుతుంది, ఆ వ్యవధిలో సెకనుకు రెండు మీటర్ల పిల్లగాలి దానిని ఎనిమిది మీటర్లు మోసుకుపోతుంది. ఐదు వందల మైక్రాన్ల బిందువును అదే గాలి ఒక మీటరు మాత్రమే కదిలిస్తుంది. కాని ఒక పెద్ద బిందువులో నూట ఇరవై ఐదు చిన్న బిందువుల ద్రవం ఉంటుంది, అనగా ఆకు మీద పడే చుక్కల సంఖ్య ఆ మేరకు తగ్గుతుంది. తాకితే మాడ్చే మందులకు ఈ నాజిల్ సరిపోకపోవడానికి కారణం అదే.

ఎంపికలో ఎక్కువమంది పొరపడేది ఇక్కడ కాదు, పంపు దగ్గర. జపాను కంపెనీ సుజుకీ 1982లో నాలుగు చక్రాల చిన్న బీడు వాహనాన్ని, కవాసాకి 1988లో సామాను మోసే మ్యూల్ బండిని తెచ్చిన తర్వాత, వాటి మీద కూర్చునే ట్యాంకు, పన్నెండు వోల్టుల పంపు చిన్న రైతుకు కూడా అందుబాటులోకి వచ్చాయి. తొమ్మిది మీటర్ల పట్టీని గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో, హెక్టారుకు నూటయాభై లీటర్ల చొప్పున తడపాలంటే వేగాన్ని, వెడల్పును, లీటర్లను గుణించి ఆరువందలతో భాగించాలి: నిమిషానికి 18 లీటర్లు. నిమిషానికి 8 లీటర్లే ఇచ్చే పంపుకు అదే నాజిల్ బిగిస్తే పీడనం పడిపోతుంది, జల్లు అంత దూరం పోదు, కాగితం మీద తొమ్మిది మీటర్లున్నది నేల మీద ఆరుకో ఐదుకో కుదించుకుపోతుంది. ప్రవాహం పీడనపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది కాబట్టి, రెట్టింపు కావాలంటే పీడనం నాలుగు రెట్లు కావాలి, అది అటువంటి పంపు వల్ల అయ్యే పని కాదు. కనుక నాజిల్ ముందు కొని పంపు వెదకడం తలకిందుల పని.

సమానత్వాన్ని కొలవడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉన్నది. ఎండిన సిమెంటు నేల మీద అరమీటరు ఎడంలో గ్లాసులు పేర్చి, వాహనాన్ని నిలిపి, ట్యాంకులో వట్టి నీరు పోసి కొంతసేపు చల్లితే, చాలాసార్లు నాజిల్ దగ్గరి గ్లాసులూ అంచున ఉన్నవీ నిండుగా, నడిమివి వెలితిగా తేలుతాయి. అంచుకు అవతల, రాలే చుక్కలు అందీ అందని చోట నేల తడిసినా, మందు మోతాదు అందదు. కనుక లెక్కలోకి తీసుకోవలసినది తడిసిన వెడల్పు కాదు, మోతాదు అందిన వెడల్పు. రెండో పట్టీని మొదటి దాని అంచు మీదికి జరిపి నడిపించేది అందుకే.

గాలికి కొట్టుకుపోయే తుంపర సంగతి కూడా ఈ చరిత్రలో భాగమే. 2,4-డికి పత్తి మహా సున్నితం, లేశమాత్రం తగిలినా దాని లేత ఆకులు సాగి వేళ్లలా చీలుతాయి. బిందువుల పరిమాణాన్ని సన్నం, మధ్యస్థం, ముతక అని తరగతులుగా విభజించే పద్ధతిని బ్రిటన్ 1985లో ప్రతిపాదించగా, అమెరికా వ్యవసాయ ఇంజనీర్ల సంఘం 1999లో ప్రమాణంగా స్వీకరించింది. బూమ్ లేని నాజిళ్లు సాధారణంగా ముతక చుక్కలే విసిరినా, అవి గాలిలో ప్రయాణించే దూరం ఎక్కువ, వాటి వెంట కొన్ని సన్నని చుక్కలు తప్పక పుడతాయి.

ఇక తెలుగు నేలకు వస్తే, మెస్కీట్‌కు దాయాది అయిన సర్కారు తుమ్మను 1877లో కడప ప్రాంతంలోని కమలాపురంలో నాటారు. రాయలసీమ బంజర్లలోను, చెరువు గట్ల మీదను ఇప్పుడు అల్లుకొన్న ముళ్లపొదల మూలాలలో ఆనాటి నాట్లు ఒకటి. కాని టెక్సస్ బీడు సరంజామాను ఇక్కడికి యథాతథంగా దింపడం కుదరదు. ఎకరం, రెండెకరాల కమతాలలో తొమ్మిది మీటర్ల పట్టీ గట్టు దాటి పక్కవాని పత్తి మీద, మిరప మీద పడుతుంది. అందువల్ల వీపున మోసే పదహారు లీటర్ల ట్యాంకుకు ఫ్లడ్ జెట్ నాజిల్ బిగించి, మొనను మోకాలి ఎత్తున ఉంచి, గట్టు వెంట ఒక్కొక్క పొద మీద మందు కొట్టడమే ఇక్కడి వాడుకగా నిలిచింది.